మాది పాము వంశం: గిరినాగు గూటికి కాపలా కాసిన వేసవి

మా పుట్టింటివాళ్లు వంతాల వాళ్లు. అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, గెడ్డ (కొండవాగు) ఒడ్డున పాతిక ఇళ్ల ఊరు మాది. మా మన్యంలో ఇంటిపేరు చెబితే చాలు, ఆ ఇంటిది ఏ వంశమో అవతలివాళ్లకి తెలిసిపోతుంది. కిల్లో వాళ్లది పులి. గొల్లోరి వాళ్లది కోతి, పాంగి వాళ్లది గద్ద, కొర్రా వాళ్లది సూర్యుడు. మా వంతాల వాళ్లది పాము. ఒకే వంశంవాళ్లం అన్నాచెల్లెళ్లం కాబట్టి మాలో మాకు పెళ్లిళ్లు ఉండవు. వంశపు జీవిని చంపకూడదు. దారిలో ఎవరో కొట్టి పడేసిన పాము కనబడితే మా నాన్న ఆ రోజు పనికి వెళ్లేవాడు కాదు. ఇంటికొచ్చి తలస్నానం చేసేవాడు, అమ్మ పాత కుండ తీసి బయట పడేసేది. ఇంట్లో మనిషి పోతే పట్టే మైలే అది.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. 2025 ఫిబ్రవరిలో మా డ్యూటీ రూంలో ఫోన్లో ఒక ఆట తిరిగింది. పది ప్రశ్నలకి జవాబులిస్తే మన ఆత్మకి తోడుగా ఉండే జంతువేదో చెబుతుంది. ఒకమ్మాయికి తోడేలు వచ్చింది, ఇంకొకరికి డాల్ఫిన్. నన్నడిగితే, నాది చూడక్కర్లేదు, పుట్టుకతోనే పాము అన్నాను. అన్నాను గానీ లోపల గుచ్చుకుంది. ఎందుకంటే నాకు పామంటే వణుకు. ఏటా నాట్ల రోజుల్లో మా క్యాజువాలిటీకి కాటు కేసులు వరసగా వస్తాయి. రెప్పలు వాలిపోయి, మాట ముద్దగా మారి, ఊపిరి అందక వెంటిలేటర్ ఎక్కినవాళ్లని ఎంతమందిని చూశానో. మా నాన్న పాముకి దండం పెట్టి పక్కకి తప్పుకునేవాడు. నేను మాత్రం పాము మాట వింటే మంచం మీద కాళ్లు పైకి ముడుచుకునేదాన్ని.

2025 ఏప్రిల్ నుంచి జూలై దాకా జరిగింది అలాగే రాస్తున్నాను. తోటలో గిరినాగు (కింగ్ కోబ్రా) గూడు కట్టిందని తెలిస్తే ఏం జరుగుతుందో, ఎన్నాళ్లు పడుతుందో, ఎంత ఖర్చవుతుందో, ఇంట్లో ఎన్ని గొడవలవుతాయో మాకు ముందుగా చెప్పినవాళ్లు లేరు.

ఏప్రిల్ 17, గురువారం. నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్తుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒలమ్మీ, మన జీడితోట కింద వెదురు డొంకలో గిరినాగుంది. ఒళ్లు చుట్టకట్టి ఆకులు పోగేస్తంది. మీ వదిన జీడిపిక్కలు ఏరతా సూసింది. ఊరంతా కర్రలు పట్టుకు నిలబడ్డారు. ఎంతసేపు ఆపగలను, నువ్వు రా" అన్నాడు. నేనొచ్చి చేసేదేముందని అడగబోయి ఆగిపోయాను. నాన్న పోయి ఏడాదైంది. ఇలాంటప్పుడు ఊళ్లో మాట్లాడాల్సిన మనిషి ఆయనే. ఆయన లేడు.

శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా బస్సు, అక్కణ్నుంచి కొండ కిందికి ఆటో, తర్వాత నడక. చేరేసరికి సాయంత్రమైంది. కుర్రాళ్లు ఇంకా వెళ్లిపోలేదు. వాళ్లని తప్పుపట్టడానికి లేదు. రాత్రిపూట గెడ్డకి వెళ్లాలి, చంటిపిల్లలున్న ఇళ్లున్నాయి. పక్క ఊళ్లో కిందటేడు పన్నెండడుగుల గిరినాగుని కొట్టి ఫోటోలు దిగారు. పాంగి వాళ్ల తాత అరుగు మీద కూర్చుని, "మా గద్ద తినేదాన్ని మీరు సుట్టం అంటారు, మేమేటి సెయ్యాలి" అని నవ్వాడు. ఆ నవ్వుతో కాస్త వేడి తగ్గింది. ఆయనే మళ్లీ, "వొంతాలోళ్ల బూమిలో వొంతాలోళ్ల పాము. ఆళ్లనే తేల్చుకోనీండి. ఇల్లు దాటి వొస్తే అప్పుడు సూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాటతో మాకు ఆ రాత్రికి గడువు దొరికింది.

అటవీశాఖకి చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. మా దగ్గరున్న నంబరు ఎత్తలేదు. బడి మాస్టారు తనకి తెలిసిన బీట్ ఆఫీసరుకి చెప్పి, ఆయన నాకు తిరిగి ఫోన్ చేసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. మర్నాడు గుడ్ ఫ్రైడే సెలవు. అయినా వస్తానన్నాడు, వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి, విశాఖ నుంచి వన్యప్రాణుల మీద పనిచేసే ఇద్దరు కుర్రాళ్లని వెంటబెట్టుకుని.

వాళ్లు సంచీలో పెట్టి తీసుకుపోతారని ఊరంతా ఎదురుచూసింది. నేనూ అదే అనుకున్నాను. వాళ్లు దూరం నుంచి బైనాక్యులర్స్‌తో చూసి, ఫోటోలు తీసి, వెనక్కొచ్చి కూర్చుని మంచినీళ్లు తాగి, "ఇక్కడే ఉంచాలి" అన్నారు. గుడ్లు పెట్టాక కదిలిస్తే, అటూ ఇటూ తిప్పితే లోపల పిల్ల పోతుంది. తల్లిని పట్టుకెళ్లి వేరేచోట వదిలితే ఇక్కడ గుడ్లకి దిక్కుండదు. ఆకులు పోగేసి గూడు కట్టుకుని గుడ్ల మీద కాపలా కూర్చునే పాము ఇదొక్కటేనట. పొదగడానికి ఎనభై నుంచి వంద రోజులు పడుతుంది. "అంటే జూలై దాకానా?" అంది వదిన. ఆమె గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఏప్రిల్, మే అంటే జీడిపిక్కల రోజులు. ఏడాది మొత్తానికి చేతిలో డబ్బు ఆడేది అప్పుడే.

గిరినాగు ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానంగా. బీట్ ఆఫీసరు ఆ మాట చెప్పినప్పుడు మా ఆయన గుర్తొచ్చాడు. ఆయన కిల్లో. మా రెండిళ్లకీ ఒకే చట్టం అన్నమాట. నష్టపరిహారం గురించి అన్నయ్య అడిగాడు. జీడిపిక్కలు ఏరుకోలేకపోయినందుకు ఇచ్చే పథకమేదీ లేదని ఆయన దాచకుండా చెప్పాడు. మాకు నచ్చిన సంగతి అదే, లేని ఆశ పెట్టలేదు.

నియమాలు కొన్నే. గూటికి యాభై అడుగుల లోపలికి ఎవరూ రాకూడదు. కుక్కల్ని కట్టేయాలి. తోటలో నిప్పు పెట్టకూడదు, ఎండుటాకులు ఊడవకూడదు. గెడ్డ వైపు దారి మూయకూడదు, తల్లి నీళ్లకి దిగేది అటే. రాత్రి టార్చి లేకుండా, బూట్లు లేకుండా తోటలో నడవకూడదు. చివరిది నేనే కలిపాను: ఎవరికి ఏ కాటు పడినా మంత్రం దగ్గరికి కాదు, ముందు నాకు చెప్పాలి. మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికే. గిరినాగు కాటుకి అది పనిచేయదు. ఊపిరి ఆగకుండా వెంటిలేటర్ మీద నిలబెట్టడమొక్కటే దారి. ఆ మాట ఊళ్లోవాళ్లకి చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించి, చెప్పేశాను. దూరంగా ఉండమన్న మాటని అందరూ లెక్కచేసింది అది విన్నాకే.

మే మూడో వారం దాకా జీతం లేని సెలవు పెట్టాను. పిల్లని అత్తగారి దగ్గర వదిలాను. అత్తగారు ఏమీ అనలేదు గానీ, మా ఆయన ఫోన్లో చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "నువ్వు కాటుకేసులు చూసి ఏడ్చే మనిషివి కదా" అన్నాడు చివరికి. అవును. అందుకే ఉండాలనిపించింది. అది మాటల్లో చెప్పడం అప్పుడు చేతకాలేదు.

అన్నయ్య తోట పైభాగంలో మంచె కట్టాడు. అక్కణ్నుంచి నేను మొదటిసారి ఆమెని సరిగ్గా చూశాను. ఆమె అనే రాస్తాను, నానమ్మ అలాగే అనేది. ఆకుల కుప్ప నా మోకాళ్లకి పైదాకా ఎత్తు. పైన ఆమె చుట్టలు చుట్టుకుని, తల పక్కకి వాల్చి పడుకుంది. నలుపు కాదు, ఆకుపచ్చ కలిసిన ముదురు గోధుమరంగు. ఒంటి మీద వెలిసిపోయిన పట్టీలు, గొంతు కింద పసుపు. బైనాక్యులర్స్‌లో తల వెనక భాగాన రెండు పెద్ద పొలుసులు పక్కపక్కన స్పష్టంగా కనబడ్డాయి. నాగుపాముకి అవి ఉండవని, గిరినాగుని గుర్తుపట్టేది వాటితోనే అని కుర్రాడు చెప్పాడు. గంటసేపు చూశాను. నాలుక తప్ప ఏదీ కదల్లేదు. ఆసుపత్రిలో నేను చూసిందంతా పాము చేసిన పని. పాముని చూడ్డం అదే మొదలు.

ఆ కుర్రాళ్లలో పెద్దవాడు కబుర్లు బాగా చెప్పేవాడు. 2024లో శాస్త్రవేత్తలు గిరినాగుని ఒకటి కాదు, నాలుగు జాతులని తేల్చారట. పడమటి కనుమల్లో ఉండేది వేరట, మన తూర్పు కనుమల్లోది ఉత్తరాన ఉన్న జాతిలో కలుస్తుందట. పక్కనే కూర్చుని వింటున్న నానమ్మ, "అయితే పడమటోళ్లు మనకి దాయాదులు" అని తేల్చేసింది. గిరినాగు తినేది చాలావరకు తోటి పాములనే, జెర్రిపోతులు, నాగులు, కట్లపాములు. ఆ మాట ఊళ్లో బాగా పనిచేసింది. ఇళ్లలో దూరేవి, చాపల కిందికి వచ్చేవి ఇదే తింటుందంటే ఎవరికి చేదు?

ఏప్రిల్ ఆఖరి వారంలో మాకు అసలు భయం పట్టుకుంది. ఇటుకల పండగ. దిసారి (ముహూర్తాలు చెప్పి పూజలు చేసే పెద్ద) చెప్పిన రోజుల్లో విత్తనాలు పూజలో పెట్టి పంచుకుంటాం, మగవాళ్లు అడవికి వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డం నిలబడి వచ్చేపోయే బళ్ల దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. వేటకి పోయేవాళ్లు దిగేది మా గెడ్డ వెంబడే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వస్తారు, అందరికీ ఎవరు చెప్పగలరు? నానమ్మ దిసారి ఇంటికి నడిచి వెళ్లింది. ఎనభై దాటిన మనిషి, మండుటెండలో. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. పండగ మొదటిరోజు దిసారి అందరి ముందూ, ఈ ఏడు గెడ్డ దారి బాలింత దారి, అటు ఎవరూ దిగొద్దు అన్నాడు. ఎవరూ దిగలేదు. చట్టం గురించి బీట్ ఆఫీసరు మూడుసార్లు చెప్పినా తలూపి ఊరుకున్నవాళ్లు, ఆ ఒక్క మాటకి దారి మార్చారు. రోడ్డు దగ్గర వసూలైన డబ్బులో పదిహేను వందలు ఆడవాళ్లు మా వదిన చేతిలో పెట్టారు, టార్చిలైట్లకి. వాళ్లలో వంతాల ఇంటివాళ్లు ఇద్దరే.

మే నెలలో చెప్పడానికి ఏమీ లేదు. ఎండ, దోమలు, చోడి అంబలి, మంచె మీద వంతులు. ఆమె తిండి తినలేదు. మిట్టమధ్యాహ్నం కుప్ప దిగి వెదురు నీడకి వెళ్లేది, చల్లబడ్డాక మళ్లీ ఎక్కేది. ఒకసారి పక్క ఊరి కుక్క వాసన పట్టుకుంటూ వచ్చింది. ఆమె లేచి నిలబడింది. ఒంట్లో మూడోవంతు గాల్లోకి లేచిందంటే ఎదురుగా మనిషి నిలబడ్డట్టే. అప్పుడు చేసిన చప్పుడు నాగుపాము బుస కాదు. లోతుగా, కింది స్థాయిలో, పెద్ద కుక్క గుర్రుమన్నట్టు. నిజం కుక్క తోక ముడుచుకుని పోయింది. ఆమె వెంటపడలేదు. కాసేపు అలాగే ఉండి, తల దించి, మళ్లీ ఆకుల మీద పడుకుంది. నా చేతులు అప్పటికీ వణుకుతున్నాయి. కానీ ఆ వణుకు ఆసుపత్రి వణుకు కాదు. కోపం తెచ్చుకోవడానికి ఆమెకి ఎంత కారణం కావాలో, కోపం ఎంత తొందరగా దిగిపోయిందో నా కళ్లతో చూశాను.

ఆ ఏడు వానలు మే ఆఖరుకే వచ్చేశాయి. రోహిణి కార్తెలో ఎండలు మాడ్చాల్సింది, జల్లులు మొదలయ్యాయి. అప్పటికి నేను డ్యూటీలో చేరిపోయాను. కిటికీలోంచి వాన చూస్తూ గూడు తడిసిపోయి ఉంటుందని ఏ పనీ చేయలేకపోయాను. వారాంతపు సెలవుకి వెళ్తే అన్నయ్య నవ్వాడు. కుర్రాళ్లు ఆమె నీడకి దిగినప్పుడు పొడుగాటి వెదురు కర్రతో లోపలికి పంపిన థర్మామీటరు ఇరవై ఎనిమిది డిగ్రీలు చూపిస్తోంది. పై ఆకులు తడిసి అతుక్కుపోయి కప్పు వేసినట్టయ్యాయి, లోపల పొడి. తాటాకు కప్పుకి అన్నయ్య ఏటా ఎంత తంటాలు పడతాడో నాకు తెలుసు.

జూన్ మధ్యలో అసలు కష్టం వచ్చింది. మా ఊరి పైన కొర్రా వాళ్ల గూడెంలో పన్నెండేళ్ల అబ్బాయిని దుక్కిలో పాము కరిచింది. అదృష్టం, ఆ రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. కాలు వాచిపోయింది, చిగుళ్లలో నెత్తురు. కనురెప్పలు మాత్రం బాగానే ఉన్నాయి. రక్తపింజరి అని నా మనసుకి తోచింది. అన్నయ్య బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని కిందికి తీసుకెళ్లాం. ఆసుపత్రిలో శుభ్రమైన గాజు గొట్టంలో కాస్త నెత్తురు తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. గడ్డకట్టలేదు. పింజరి విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. విరుగుడు మందు పది వయల్స్‌తో మొదలుపెట్టారు. తెల్లారేసరికి వాపు ఆగింది. నాలుగో రోజుకి ఇంటికి పంపారు.

పిల్లాడు బతికాడు. కానీ పైగూడెంలో మాట మారిపోయింది. వంతాలోళ్లు పాముల్ని పెంచుతున్నారు, అందుకే ఇలా అయింది అన్నారు. పిల్లాడి తండ్రి గొడ్డలి పట్టుకుని తోట దాకా వచ్చాడు. అన్నయ్య అడ్డం నిలబడ్డాడు, కొట్టుకునేదాకా వెళ్లింది. పాంగి తాత వచ్చి విడదీశాడు. కరిచింది గిరినాగు కాదు, రక్తపింజరి అని నేను చెబుతూనే ఉన్నాను. పిల్లాడి తండ్రి నా మొహం చూసి, "నీకు అది సుట్టం, నాకు కొడుకు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆయన కొడుకుని బండి మీద పట్టుకుని కూర్చున్న చేతులే ఆయన్ని ఆపాయి. రెండు పనులూ నేను చేయాల్సినవే. కానీ ఆయనకి ఆ రెండోది ఎలా కనబడుతుందో నాకు అర్థమైంది. నాట్లు అయ్యేదాకా ఆయన మాతో మాట్లాడలేదు.

ఆ వారమే ఒక రాత్రి మంచె దిగుతూ నిచ్చెన కింద టార్చి వేస్తే కట్లపాము. నల్లగా, మెరుస్తూ, సన్నటి తెల్ల పట్టీలతో. నా కాలు చివరి మెట్టు మీద ఉంది. ఏ పాముకైనా దారివ్వాలని ఊరందరికీ నేర్పింది నేనే. ఇప్పుడు నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. నాన్న అనే మాట నోట్లోకి దానంతట అదే వచ్చింది: "నీ దారిన నువ్వెళ్లు, నా దారిన నేనెళ్తాను." కదలకుండా నిలబడ్డాను. అది తన దారిన పోయింది. ఎంతసేపైందో చెప్పలేను. తర్వాత కింద కూర్చుని ఏడ్చాను. భయంతో కాదు. ఆ మాట చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను, దాన్ని నా నోటితో అనడం అదే మొదటిసారి.

జూలై మొదటి వారంలో అన్నయ్య ఫోన్ చేసి ఆమె వెళ్లిపోయిందన్నాడు. పొద్దున్న మంచె ఎక్కితే కుప్ప ఖాళీగా ఉందట. పిల్లలు రావడానికి కొద్ది రోజుల ముందు తల్లి గూడు వదిలేయడం ఈ జాతిలో మామూలే అని కుర్రాళ్లు ముందే చెప్పారు. అయినా మనసు ఊరుకోలేదు. మూడు నెలలు తిండి లేకుండా కూర్చుని, పిల్లల మొహం చూడకుండా పోయింది. నేను కూడా ఆ వేసవంతా నా కూతుర్ని అత్తగారింట్లో వదిలే ఇక్కడ ఉన్నాను. ఆ రోజు డ్యూటీ మధ్యలో ఇంటికి ఫోన్ చేసి అమ్మాయిని పిలిపించుకుని మాట్లాడాను.

తల్లి లేకపోతే ఉడుములు, ముంగిసలు, అడవిపందులు గుడ్ల మీద పడతాయి. అందుకే ఆ రోజే గూడు చుట్టూ నాలుగడుగుల ఎత్తున సన్నకన్ను వల కట్టారు. పిల్లలు ఒకేసారి చెల్లాచెదురు కాకుండా కూడా అదే ఆపుతుంది. ఆ వారమంతా పగలూ రాత్రీ మనిషి ఉండాల్సిందే. నాకు సెలవు దొరికింది, ఈసారి అమ్మాయిని కూడా తీసుకెళ్లాను.

జూలై 13, ఆదివారం తెల్లవారుజాము. వాన వెలిసింది. వల దగ్గర కాపలా ఉన్న కుర్రాడు పిలిచాడు. పక్కకి జారిన ఆకుల మధ్య ఒక గుడ్డు పైన బ్లేడుతో గీసినట్టు చీలిక, అందులోంచి ముక్కు. అది బయటికి పూర్తిగా రావడానికి పొద్దెక్కింది. మధ్యమధ్య ఆగుతుంది, మళ్లీ లోపలికి పోతుంది. నల్లటి ఒళ్లు, దాని మీద లేత పసుపు పట్టీలు, మూరెడు పొడవు. గుడ్డులోంచి బయటపడ్డ కాసేపటికే మమ్మల్ని చూసి తల ఎత్తి పడగ విప్పింది. పుట్టిన క్షణం నుంచే విషం ఉంటుందని తెలుసు కాబట్టి ఎవరూ చేయి చాపలేదు. నేనైతే ఈ మూడు నెలల్లో ఒక్కదాన్నీ ముట్టుకోలేదు, ముట్టుకోవాలని కూడా అనిపించలేదు. లెక్క మాత్రం మర్నాడు తేలింది: ఇరవై ఏడు గుడ్లు, ఇరవై రెండు పిల్లలు. ఐదు గుడ్లు చిట్లలేదు.

ఆ ఉదయం నానమ్మ ఇంట్లో దీపం పెట్టనివ్వలేదు. ఎందుకని వదిన అడిగితే, "పురుడు" అంది. పాము చస్తే మైల పట్టినవాళ్లం, పాము పుడితే పురుడు పట్టమా అని కోప్పడింది. ఇలా ఎప్పుడైనా చేశారా అని అడిగాను. లేదట. మా ఊళ్లో వంతాలోళ్ల భూమిలో పాము పిల్లలు పుట్టడం ఆమెకి తెలిసి ఇదే మొదలు. తర్వాత స్నానాలు చేయించి, పసుపు నీళ్లు చల్లించి, చుట్టుపక్కల ఇళ్లకి బెల్లం పంచింది. పైగూడెం కొర్రా వాళ్లింటికి కూడా ఆమే పట్టుకెళ్లింది. వాళ్లు తీసుకున్నారు. అమ్మాయి నన్ను పట్టుకుని, "అమ్మా, నాది పులి కదా, మరి ఇవి నాకేమవుతాయి?" అని అడిగింది. నేను ఆలోచించేలోపే నానమ్మ, "మేనమామ పిల్లలు" అంది.

మూడో రోజు అటవీశాఖవాళ్లు, కుర్రాళ్లు కలిసి పిల్లల్ని కొక్కేలతో డబ్బాల్లోకి తీసి, గెడ్డ వెంబడి పైకి నడుస్తూ అక్కడొకటి, ఇక్కడొకటి వదిలారు. అన్నీ ఒకేచోట ఉంటే ఒకదాన్నొకటి తినే ప్రమాదం ఉంది. ఇరవై రెండు గిరినాగులు ఊరి మీద పడతాయేమోనని అడిగినవాళ్లకి బీట్ ఆఫీసరు ఉన్నమాట చెప్పాడు. పెరిగి పెద్దయ్యేవి చాలా తక్కువ, మిగతావి గద్దలకి, ఉడుములకి పోతాయి. గద్దలన్న మాటకి అందరూ పాంగి తాత వైపు చూశారు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఖర్చులు కూడా చెప్పాలి. గూటి చుట్టూ పదిహేను జీడిచెట్ల కింద పిక్కలు ఏరలేదు. అన్నయ్య లెక్కలో దాదాపు పన్నెండు వేలు పోయింది. వల, టార్చిలు, బూట్లు, బ్యాటరీలు కలిపి ఐదు వేల పైమాట. వలకి కుర్రాళ్ల సంస్థ సగం ఇచ్చింది. నా నెల జీతం పోయింది, రానూపోనూ బస్సు, ఆటో ఖర్చులు వేరే. వదిన చాన్నాళ్లు నాతో ముభావంగా ఉంది, అది సహజం. ఇంటి బియ్యం కొనేది ఆ జీడి డబ్బుతోనే. పోయినదాంట్లో కొంత నేను ఇచ్చాను, కొంత ఇంకా ఇవ్వాలి.

మీ తోటలో ఇలా ఆకుల కుప్ప మీద పాము కనబడితే ముందు మనుషుల్ని వెనక్కి జరపండి, కుక్కల్ని కట్టేయండి. అటవీశాఖ నంబరు అవసరం పడకముందే దగ్గర పెట్టుకోండి. అటవీశాఖ మనిషి ఫోన్లో దొరికేదాకా గడిచిన ఆ గంటల్లో ఎవరో ఒకరు రాయి విసిరి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మీకు దగ్గరలో వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏదో కనుక్కోండి. ఊళ్లో పెద్దల్ని, పూజ చేసేవాళ్లని మొదటిరోజే కలవండి.

ఆగస్టులో ఊరి బడి గోడ మీద బీట్ ఆఫీసరు నంబరు, నా నంబరు పెయింటుతో రాశారు. అప్పట్నుంచి ఫోన్లు వస్తున్నాయి. మొదటిది వంటింట్లో దూరిన జెర్రిపోతు గురించి, దాని తర్వాత కట్టెల కింద నాగుపాము. రెండూ వాటి దారిన అవి వెళ్లాయి. మూడో ఫోను పైగూడెం నుంచి, ఆ అబ్బాయి తండ్రి. పశువుల పాకలో కట్లపాముంది, కొట్టాలా ఆగాలా అని అడిగాడు. పశువుల్ని విప్పి బయట కట్టి, తలుపు తెరిచి ఉంచి, దూరంగా నిలబడమన్నాను. నిలబడ్డాడు.